చేతితో చేసిన వాద్యానికి ఇంట్లోనే మంచి ఫొటో: ఏ వెలుతురు, ఏ వెనుక తెర, ఏ లెన్స్ ఎంచుకోవాలి?

చేతితో చేసిన వాద్యం ఎదురుగా ఉన్నప్పుడు కనిపించిన అందం ఫొటోలో కనిపించలేదంటే, లోపం సాధారణంగా కెమెరాది కాదు, వెలుతురుది. వీణ కుండ మీద, గిటారు పలక మీద, వయొలిన్ వీపు మీద ఉన్న మెరుగు గదిలోని ప్రతి వస్తువునూ తనలోకి లాక్కుంటుంది. కిటికీ, ట్యూబులైటు, ఎదురుగా ఉన్న బీరువా, తెల్ల చొక్కా వేసుకుని ఫొటో తీస్తున్న మనిషి, అన్నీ అందులో పడతాయి. మనం చూసేటప్పుడు తల అటూ ఇటూ కదులుతూ ఉంటుంది కాబట్టి ఆ ప్రతిబింబాలను మనసు పక్కకు నెట్టి కర్రనే చూస్తుంది. కెమెరాకు ఉన్నది ఒకే కన్ను, అదీ ఒకేచోట నిలిచి ఉంటుంది. దానికి నీడా, మెరుపూ, కర్రా అన్నీ ఒకటే.

అందుకే ఏ కెమెరా కొనాలన్న ప్రశ్నతో మొదలుపెట్టేవారికి నా సలహా ఒకటే. ముందు వాద్యం ఉపరితలం చూడండి. దానికి తగిన వెలుతురు ఎంచుకోండి. తర్వాత వెనుక తెర, ఆ తర్వాతే లెన్స్, కెమెరా. ఈ వరుసలో వెళ్తే చేతిలో ఉన్న ఫోనే చాలాసార్లు సరిపోతుంది. వరుస తిరగబడితే ఎంత ఖరీదైన కెమెరా తెచ్చినా కుండ మీద తెల్లటి మచ్చ అలాగే ఉంటుంది.

ముందు ఉపరితలం చూడండి

గదిలో దీపాలన్నీ ఆర్పేసి, ఫోను టార్చి వెలిగించి వాద్యం చుట్టూ మెల్లగా తిప్పండి. మెరుపు చిన్న చుక్కలా పదునుగా కనిపిస్తే అది అద్దంలాంటి ఉపరితలం. లక్క, నైట్రోసెల్యులోజ్, ఫ్రెంచ్ పాలిష్ లాంటి మెరుగు పూతలు పట్టించినవన్నీ ఈ కోవలోకి వస్తాయి. మెరుపు వెడల్పుగా, అంచు తెలియకుండా పరుచుకుంటే నూనె మాత్రమే రాసిన కర్ర, వెదురు, తోలు. ఈ రెండు రకాలకూ కావలసిన వెలుతురు వేరు.

మెరిసే వాటిలోనూ బల్లపరుపుగా ఉన్నవి, ఉబ్బుగా ఉన్నవి ఒకలా ప్రవర్తించవు. వెలుతురు ఏ కోణంలో పడితే అదే కోణంలో తిరిగి వెళ్తుంది. గిటారు పై పలక దాదాపు చదును కాబట్టి దీపాన్ని కాస్త పక్కకు జరిపితే మెరుపు మొత్తం మాయమవుతుంది. వయొలిన్ వీపు ఉబ్బుగా ఉంటుంది. దాని మీద ఏదో ఒక చోట మెరుపు తప్పక ఉంటుంది. ఆ మెరుపు ఎక్కడ పడాలి, ఏ ఆకారంలో పడాలి అన్నది మాత్రమే మన చేతిలో ఉంటుంది. వీణ కుండ ఇంకా కఠినం. సగం గోళంలా ఉండే ఆ వంపులో గది గదంతా కనిపిస్తుంది. ఇలాంటి వాద్యానికి మెరుపును తీసేయాలని ప్రయత్నించడం వృథా. పొడవుగా, మెత్తగా, అంచులు కరిగిపోయేలా ఒకే ఒక్క మెరుపు ఉంచి, మిగతా ప్రతిబింబాలన్నిటినీ తొలగించాలి. ఆ ఒక్క మెరుపే కుండ గుండ్రంగా ఉందని చూసేవారికి చెబుతుంది. అది లేకపోతే కుండ అట్టముక్కలా చదునుగా కనిపిస్తుంది.

ఫొటో తీసేవారు ముదురు రంగు, వీలైతే నల్ల బట్టలు వేసుకోవాలి. చిన్న విషయమే, కానీ నల్లటి ఎబొనీ కర్రతో చేసిన భాగాలు, ముదురు వార్నిష్ ఉన్న వాద్యాల దగ్గర ఈ ఒక్కటే ఫొటోను మార్చేస్తుంది.

కిటికీనా, దీపమా, ఫ్లాషా?

మెరిసే ఉపరితలానికి కావలసింది పెద్ద వెలుతురు. పెద్దది అంటే ఎక్కువ ప్రకాశం అని కాదు, వాద్యం ఉన్న చోటి నుంచి చూస్తే ఎక్కువ వెడల్పుగా కనిపించేది. ఒక చిన్న బల్బు ఎంత దగ్గరగా పెట్టినా మెరుపు చుక్కలాగే పడుతుంది. అదే బల్బు ముందు పలుచని తెల్లగుడ్డ బిగించి కడితే ఆ గుడ్డంతా దీపమవుతుంది, మెరుపు పరుచుకుంటుంది. వెలుతురు మూలం దూరమైన కొద్దీ చిన్నదవుతుంది. సూర్యుడు అంత పెద్దవాడైనా అంత దూరంలో ఉన్నాడు కాబట్టే ఎండలో నీడలు పదునుగా పడతాయి.

ఈ లెక్కన ఇంట్లో ఉన్నవాటిలో మొదటి ఎంపిక, నా దృష్టిలో, నేరుగా ఎండ పడని పెద్ద కిటికీ. గది లోపలి దీపాలన్నీ ఆర్పేయాలి. ఈ నియమాన్ని మాత్రం ఎవరూ సడలించకూడదు. పగటి వెలుతురు సుమారు 5,500 కెల్విన్, పసుపు రంగు ఇంటి బల్బు 2,700 నుంచి 3,000 కెల్విన్. రెండూ కలిస్తే వాద్యం ఒక పక్క నీలంగా, మరో పక్క నారింజగా వస్తుంది. తర్వాత కంప్యూటర్లో ఎంత సరిచేసినా ఒక పక్క బాగుపడితే రెండో పక్క చెడుతుంది.

కిటికీ దగ్గర వాద్యాన్ని ఎలా పెట్టాలన్నదాంట్లో చాలామంది పట్టించుకోని తేడా ఒకటుంది. వీణ, తంబూర, గిటారు లాంటి పొడవైన వాద్యాన్ని మెడ కిటికీ వైపు వచ్చేలా పెడితే, కిటికీకి దగ్గరున్న కొన బాగా వెలిగి, రెండో కొన చీకట్లో పడుతుంది. చిన్న దీపం విషయంలో దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు తగ్గుతుంది. కిటికీ పెద్దది కాబట్టి అంత వేగంగా తగ్గదు గానీ తేడా కంటికి తెలుస్తుంది. కిటికీకి సమాంతరంగా పెడితే రెండు కొనలకూ వెలుతురు సమానంగా అందుతుంది. కిటికీకి ఎదురు పక్కన ఒక తెల్లటి థర్మోకోల్ పలక నిలబెడితే నీడ వైపు మెత్తబడుతుంది. నీడ ఎక్కువ కావాలనుకుంటే అక్కడే నల్ల అట్ట పెట్టండి. వాద్యం అంచు చీకటి గీతలా తేలి, ఆకారం గట్టిగా నిలుస్తుంది. లేత రంగు పలకకు నల్ల అట్ట, ముదురు రంగుకు తెల్ల పలక బాగుంటాయి.

అయితే సమాంతరంగా పెట్టడానికి ఒక మినహాయింపు ఉంది, చేతిపనిని ప్రేమించేవారికి అది తెలియాలి. వయొలిన్ వీపుకు వాడే మేపుల్ కర్రలో అడ్డంగా పులిచారల్లాంటి మెరుపులు ఉంటాయి. అవి రంగు చారలు కావు. కర్ర నారలు పొడవునా అలల్లా వంగి ఉండటం వల్ల వెలుతురును ఒక చోట ఇటు, మరో చోట అటు విసురుతాయి. వాద్యాన్ని కాస్త తిప్పితే చీకటి చార ఉన్న చోట వెలుగు చార వస్తుంది. ఈ చారలు బాగా కనబడాలంటే వెలుతురు వాద్యం పొడవు వెంబడి, తల వైపు నుంచో తోక వైపు నుంచో రావాలి. పక్క నుంచి వస్తే అవి సగం చచ్చిపోతాయి. వీపు ఫొటో ఒక్కటి ఇలా తీసి, మిగతావన్నీ సమాంతరంగా పెట్టి తీస్తే సరి. అలాగే ఒకే దిమ్మెను చీల్చి పుస్తకంలా తెరిచి అతికించిన పై పలకల్లో ఒక సగం లేతగా, మరో సగం ముదురుగా కనిపిస్తుంది. నారలు రెండు సగాల్లో ఎదురెదురు దిక్కుల్లో వాలి ఉంటాయి. ఇది రంగు లోపమని కంగారుపడి కంప్యూటర్లో సమానం చేసేవారున్నారు. అలా చేయకండి. వాద్యాన్ని తలకిందులుగా తిప్పి చూస్తే లేత సగం ముదురుగా, ముదురు సగం లేతగా మారుతుంది. వెలుతురును నడిగీతకు అడ్డంగా, పక్క నుంచి తెచ్చుకుంటే ఆ తేడా చాలావరకు తగ్గుతుంది.

కిటికీకి ఉన్న బలహీనత నిలకడ లేకపోవడం. మబ్బు అడ్డొస్తే వెలుతురు మారుతుంది, రంగూ మారుతుంది. ఒక్క వాద్యానికైతే ఇబ్బంది లేదు. వరుసగా వాద్యాలు చేస్తూ, అన్నిటి ఫొటోలూ ఒకే తీరుగా ఉండాలనుకునేవారికి ఎల్‌ఈడీ దీపమే మేలు. కొనేటప్పుడు వాట్ల కంటే రంగు చూపే నాణ్యతను ముందు చూడండి. పెట్టె మీద సీఆర్‌ఐ అన్న అంకె 95 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే, గాఢమైన ఎరుపు అందులో లేదు. ఎరుపును విడిగా ఆర్‌9 అనే అంకెతో చూపిస్తారు. ఎర్ర వార్నిష్ వయొలిన్, రోజ్‌వుడ్ వీపు, లక్క రంగు వేసిన వీణ ఫొటోలో ఎండిపోయిన గోధుమ రంగులోకి దిగజారడానికి కారణం తరచుగా ఈ ఆర్‌9 తక్కువగా ఉండటమే. దీపం ముందు సాఫ్ట్‌బాక్స్ (దీపానికి తొడిగే, ముందు వైపు తెల్లగుడ్డ ఉన్న పెట్టె) గానీ, చట్రానికి బిగించిన తెల్లగుడ్డ గానీ ఉండాలి. గుడ్డ వెడల్పు వాద్యం పొడవులో కనీసం సగమైనా ఉంటే బాగుంటుంది.

చవక ఎల్‌ఈడీలు కంటికి తెలియకుండా మినుకుతాయి. కరెంటు సెకనుకు 50 సార్లు మారే చోట్ల ఆ మినుకు సెకనుకు 100 సార్లు. ఫొటోలో అడ్డంగా నీడ పట్టీలు కనిపిస్తే షట్టరు వేగాన్ని (వెలుతురు కోసం కెమెరా తెరిచి ఉండే సమయం) 1/50 సెకనుకు తగ్గించండి. 60 సార్లు మారే చోట్ల 1/60.

ఫ్లాష్ సంగతికి వస్తే, కెమెరా మీదో ఫోనులోనో ఉండే ఫ్లాష్‌ను మెరిసే వాద్యానికి అసలు వాడకండి. వెలుతురు లెన్స్ పక్క నుంచే వెళ్ళి నేరుగా వెనక్కి వస్తుంది. ముందు వైపు తెల్ల మచ్చ, వెనుక నల్ల నీడ, ఉన్న నగిషీ అంతా మాయం. వలయంలా ఉండే రింగు లైటూ ఇంతే, కుండ మీద చేతిగాజులా ఒక తెల్లటి వలయం అచ్చుపడుతుంది. ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి, పక్కన వెలుతురును మెత్తబరిచే తెల్ల గొడుగులోంచి పంపితే మాత్రం అద్భుతంగా ఉంటుంది. కానీ ఫ్లాష్ ఒక్క క్షణమే వెలుగుతుంది కాబట్టి మెరుపు ఎక్కడ పడుతుందో ముందుగా చూడలేం, తీసి చూసుకుని జరపాలి. ఎల్‌ఈడీ అయితే చూస్తూ జరుపుకోవచ్చు. మెరుపే అసలు సమస్య అయిన చోట, చూస్తూ జరపగలగడం చాలా పెద్ద సౌకర్యం. కొత్తగా మొదలుపెట్టేవారికి నా ఓటు ఎల్‌ఈడీకే.

ఆరుబయట చెట్టు నీడలో తీయడం కొందరికి ఇష్టం. చూడటానికి బాగుంటుంది కూడా. అయితే ఆకుల పచ్చదనం వార్నిష్‌లో పడుతుంది, నీడ రంగు నీలం వైపు మొగ్గుతుంది. వాతావరణం చూపించే ఒకటి రెండు ఫొటోలకు వాడండి, రంగు ఖచ్చితంగా చూపాల్సిన ఫొటోలకు వద్దు.

ఎండ, వేడి దీపాల విషయంలో ఒక హెచ్చరిక. వీణ మెట్లు మైనంలో నిలబెట్టి ఉంటాయి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకన్నా ముందే మెత్తబడుతుంది. నేరుగా పడే ఎండలోనో హాలోజన్ దీపం కిందో ముదురు రంగు వీణను వదిలేస్తే మెట్లు కదిలి శ్రుతి చెడుతుంది. చర్మపు జిగురుతో అతికించిన వయొలిన్లకూ వేడి మంచిది కాదు. మృదంగం మూతల బిగువు కూడా మారిపోతుంది. తక్కువ వేడి చేసే ఎల్‌ఈడీకి ఇది మరో మార్కు.

పోలరైజర్ కావాలా?

కెమెరా లెన్స్ ముందు బిగించే ఈ గాజు ఫిల్టరు వార్నిష్ మీది మెరుపును తగ్గిస్తుంది. ఉపరితలానికి నిటారుగా గీసిన గీత నుంచి సుమారు 56 డిగ్రీల కోణంలో చూసినప్పుడు బాగా పనిచేస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే ఏ మార్పూ కనిపించదు. తీగలు, ఇత్తడి మెట్లు, తీగలు బిగించే లోహపు బిరడాల మీది మెరుపును అది తీయలేదు. పైగా దాదాపు ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురును మింగేస్తుంది (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది) కాబట్టి ట్రైపాడ్, అంటే మూడు కాళ్ళ స్టాండు, తప్పనిసరి.

పొదుగు పని (కర్రలో వేరే ముక్కలు పొదగడం), చెక్కడం, లోపల అతికించిన చీటీ లాంటివి మెరుపు వల్ల కనపడకపోతే పోలరైజర్ వాడండి. వాద్యం మొత్తం కనిపించే ఫొటోకు మాత్రం దాన్ని పూర్తిగా తిప్పకండి. మెరుగంతా పోయిన వాద్యం ప్రాణం లేని ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. దానికి మెరుగు పెట్టడానికి చేసినవారు పడ్డ శ్రమంతా అక్కడే పోతుంది. వెలుతురు సరిగ్గా అమర్చుకున్నవారికి ఈ ఫిల్టరు అవసరం తక్కువే. కొనే జాబితాలో దాన్ని చివర్లో రాసుకోండి.

ఫోనా, కెమెరానా?

ఈ ప్రశ్నను నేను దూరంతో కొలుస్తాను. ఫోను ప్రధాన కెమెరా పాత ఫిల్ము లెక్కలో సుమారు 24 నుంచి 28 మిల్లీమీటర్ల లెన్స్‌తో సమానం. మీటరు పొడవున్న గిటారు చట్రంలో కాస్త ఖాళీతో పట్టాలంటే దానితో మీటరు లోపే నిలబడాలి. అంత దగ్గర నుంచి చూస్తే మనకు దగ్గరున్న భాగం పెద్దదై, దూరమున్నది కుంచించుకుపోతుంది. కాస్త వాలుగా పెట్టిన గిటారుకు కుండంత పొట్ట, పుల్లంత మెడ వస్తాయి. చేసినవారు మిల్లీమీటరు లెక్కన కొలుచుకుని దిద్దిన నిష్పత్తులు ఒక్క ఫొటోతో చెడిపోతాయి.

50 మిల్లీమీటర్ల లెన్స్‌తో అదే గిటారును సుమారు 1.7 మీటర్ల నుంచి తీయాలి, 85తో దాదాపు 2.8 మీటర్ల నుంచి. దూరం పెరిగిన కొద్దీ ఆకారం నిజానికి దగ్గరవుతుంది. కాబట్టి ముందు మీ గదిలో మీరు ఎంత వెనక్కి జరగగలరో కొలవండి. మూడు మీటర్లు దొరికితే 85 ప్రాంతపు లెన్స్, లేదా చిన్న సెన్సారు (బొమ్మను పట్టే చిప్పు) కెమెరాలతో వచ్చే 18-55 లెన్స్‌ను 55 దగ్గర పెట్టి వాడటం ఉత్తమం. ఫోనులో రెండు రెట్లు, మూడు రెట్లు చూపే విడి లెన్స్ ఉంటే అదే వాడి వెనక్కి నడవండి. విడి లెన్స్ లేకుండా వేళ్ళతో పెద్దది చేస్తే చాలా ఫోన్లలో బొమ్మ ముద్దవుతుంది. అలాంటప్పుడు ప్రధాన కెమెరాతోనే దూరం నుంచి తీసి తర్వాత కత్తిరించుకోవడం కూడా మంచి దారే.

ఫోనులో మరో రెండు చిక్కులున్నాయి. వెనుక భాగాన్ని మసకబార్చే పోర్ట్రెయిట్ పద్ధతి మనుషుల కోసం చేసినది. దానికి తీగలూ బిరడాలూ అర్థం కావు. తీగల మధ్య ఖాళీని కొన్నిచోట్ల మసకగా, కొన్నిచోట్ల స్పష్టంగా వదిలేస్తుంది. దాన్ని ఆపేయండి. రెండోది, ఫోను తనంతట తానే పదును పెంచి కర్ర నార గీతలను ఇసుక చల్లినట్టు చేస్తుంది. అమరికలన్నీ మన చేతికిచ్చే ప్రో పద్ధతి, ఫోను దిద్దకుండా దాచే రా ఫైలు ఉంటే అవి వాడండి. లేకపోతే తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేసి, వేలిని కిందికి జార్చి కాస్త చీకటి చేయండి. మెరుపులో ఒకసారి తెల్లబడిపోయిన చోటు తిరిగి రాదు, చీకటి పడిన చోటు కొంతవరకు వస్తుంది.

కెమెరా గెలిచేది రెండు చోట్ల. ఒకటి రంగును చిక్కుల్లేకుండా పట్టడంలో, రెండు నగిషీలు, మెట్లు దగ్గరగా తీయడంలో. వాద్యం మొత్తం ఫొటోకు లెన్స్ రంధ్రం ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11 (అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), సెన్సారు సున్నితత్వం ఐఎస్ఓ 100, ట్రైపాడ్, రెండు సెకన్ల టైమరు. ఎఫ్ 16 దాటితే చిన్నగా తెరుచుకున్న రంధ్రం దగ్గర కాంతి వంగి బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. ముందు నుంచి వెనుక దాకా అంతా స్పష్టంగా ఉండే లోతు కావాలని అంతవరకు వెళ్ళకండి.

ఫోనైనా కెమెరా అయినా ట్రైపాడ్ లేకుండా మొదలుపెట్టవద్దు. గదిలో వెలుతురు తక్కువ, షట్టరు పావు సెకను దాకా తెరిచి ఉండవచ్చు, చేతితో పట్టుకుంటే అది నిలవదు. అంతకన్నా ముఖ్యం, ట్రైపాడ్ మీద కెమెరా నిలిచి ఉంటే మీ చేతులు ఖాళీగా ఉండి తెల్ల పలకను జరుపుతూ మెరుపు ఎటు పోతోందో తెరలో చూడవచ్చు. లెన్స్ వాద్యం నడిమి ఎత్తులో, పలకకు సమాంతరంగా ఉండాలి. మన కంటి ఎత్తు నుంచి కిందికి చూస్తూ తీస్తే కుండ చిన్నదై మెడ లావెక్కుతుంది.

నిలబెట్టడం, పడుకోబెట్టడం, వేలాడదీయడం

గిటారు, వయొలిన్ లాంటి తేలిక వాద్యాలను సన్నని చేపల వల దారంతో తల దగ్గర కట్టి వేలాడదీస్తే వెనుక తెర మీద నీడ లేకుండా గాలిలో తేలినట్టు వస్తాయి. చూడటానికి ఇదే అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి. కానీ దారం రెండు వరుసలు ఉండాలి, కొక్కెం గట్టిదై ఉండాలి, కింద మెత్తటి పరుపు ఉండాలి. అంత ఏర్పాటు లేకపోతే వేలాడదీయకండి. వీణను ఎట్టి పరిస్థితిలోనూ వేలాడదీయకండి.

నేల మీద పడుకోబెట్టి పై నుంచి తీయడం వాద్యానికి క్షేమం. వేణువులకు, వీణకు ఇదే సరైనది. వేణువు దొర్లిపోకుండా కింద కనిపించకుండా చిన్న రబ్బరు ముక్క పెట్టుకోవచ్చు. లక్క మెరుగు ఉన్న వాటికి, ముఖ్యంగా నైట్రోసెల్యులోజ్ పట్టించిన వాటికి మాత్రం రబ్బరు, నురగ తగలనీయకండి. కొన్ని రకాల రబ్బరు ఆ పూతతో చర్య జరిపి చెరగని మచ్చ పెడుతుంది. మడత పెట్టిన నూలు గుడ్డ చాలు. స్టాండు మీద నిలబెట్టి తీసేటప్పుడు కూడా రబ్బరు తొడుగుల మీద నూలు గుడ్డ చుట్టండి.

మృదంగానికి చుట్టలా చేసిన గుడ్డ మీద అడ్డంగా పెట్టి ఒకటి, మూత ఎదురుగా ఉండేలా ఒకటి, కొద్దిగా వాలుగా ఒకటి తీయాలి. మూత మధ్యలోని నల్లటి భాగం వెలుతురును మింగేస్తుంది, ఎదురు వెలుతురులో నల్ల సున్నాలా ఉంటుంది. దీపాన్ని పక్కకు, బాగా కిందికి దించి, వెలుతురు దాని మీద నుంచి జారిపోయేలా పెడితే పొరలు పొరలుగా రుద్దిన తీరూ, దాని మీది సన్నని పగుళ్ళూ లేస్తాయి. ఈ పక్క వెలుతురు సూత్రం ఉలి గుర్తులున్న ప్రతి వాద్యానికీ వర్తిస్తుంది. వీణ కొన మీది యాళి (సింహంలాంటి పురాణ జంతువు) ముఖపు చెక్కడానికి, పొదుగు పనికి, వెదురు కణుపులకు ఎదురు వెలుతురు కన్నా పక్క వెలుతురు పది రెట్లు నిజం చెబుతుంది.

వెనుక తెర

తెల్ల కాగితం, బూడిదరంగు కాగితం, నల్ల మఖమలు, చెక్క బల్ల, ఏదో ఒక దుప్పటి. ఇంట్లో సాధారణంగా దొరికేవి ఇవే. దుప్పటిని ముందే పక్కన పెట్టేయండి, మడతలు వాద్యం కన్నా ముందు కంట్లో పడతాయి. చెక్క బల్ల మీద చెక్క వాద్యం కలిసిపోతుంది. రెండింటి నార గీతలూ ఒకదానితో ఒకటి పోటీపడతాయి. రంగు గుడ్డ కూడా వద్దు. ఎర్ర గుడ్డ మీద పెడితే వాద్యం కింది వంపంతా ఎర్రబారుతుంది.

తెలుపు శుభ్రంగా ఉంటుంది, జాబితాల్లో పక్కపక్కన పెట్టడానికి బాగుంటుంది. కానీ స్ప్రూస్ కర్ర లాంటి లేత పలక అంచులు అందులో కరిగిపోతాయి. కెమెరా కూడా తెలుపును చూసి భయపడి మొత్తం బూడిదగా మారుస్తుంది, వెలుతురు ఒక స్టాపు పెంచాలి. నలుపు గంభీరంగా ఉంటుంది, లేత కర్ర అందులో దీపంలా వెలుగుతుంది. కానీ ముదురు రోజ్‌వుడ్ పక్కలు, నల్ల బిరడాలు దానిలో మునిగిపోతాయి, వాటిని బయటకు లాగడానికి వెనుక నుంచి మరో దీపం కావాలి.

ఒక్కటే కొనగలిగితే మధ్యస్థ బూడిదరంగు కాగితపు చుట్ట కొనండి. దాని మీద వెలుతురు ఎక్కువ పడనిస్తే దాదాపు తెల్లగా, వాద్యాన్ని ముందుకు జరిపి తెరను చీకట్లో వదిలితే దాదాపు నల్లగా వస్తుంది. లేత కర్రకు ముదురు బూడిద, ముదురు కర్రకు లేత బూడిద, రెండూ ఒకే కాగితంతో. గోడ మీది నుంచి నేల మీదికి వంపుగా దించి, మడత గీత పడకుండా చూసుకోండి. వాద్యానికీ తెరకూ మధ్య కనీసం ఒక మీటరు ఖాళీ ఉంటే నీడ తెర మీద పడదు.

రంగు

వాద్యాల ఫొటోల్లో అతి తరచుగా జరిగే పొరపాటు రంగు మారడం. చట్రం నిండా తేనె రంగు కర్ర కనిపిస్తే కెమెరా అది పసుపు దీపం ప్రభావం అనుకుని నీలం కలుపుతుంది. వార్నిష్ వెలిసిపోయినట్టు వస్తుంది. కాబట్టి వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సర్దే అమరిక) కెమెరాకు వదిలేయకండి. వాద్యం పక్కన బూడిదరంగు కార్డు, అది లేకపోతే రంగు కలపని మామూలు తెల్ల కాగితం పెట్టి ఒక ఫొటో తీసి, దాన్ని బట్టి మిగతా అన్నిటికీ ఒకే విలువ పెట్టండి. ఆ తర్వాత వాద్యాన్ని కంప్యూటర్ తెర పక్కనే, పగటి వెలుతురులో నిలబెట్టి పోల్చి చూడండి. ఇంటర్నెట్లో పెట్టే ఫైలును ఎస్‌ఆర్‌జీబీ (తెరలు సాధారణంగా వాడే రంగుల పద్ధతి) రంగుల్లో దాచాలి. వేరేలా దాస్తే కొన్ని తెరల మీద ఎరుపు వెలిసిపోతుంది.

దగ్గరి ఫొటోలు, దిద్దుబాట్లు

బ్రిడ్జి, మెట్ల వరుస, బిరడాల తల, మెడ కలిసే చోటు, చీటీ. దగ్గరి ఫొటోల్లో లోతు చాలా తక్కువ. మొత్తం స్పష్టంగా ఉండాలా, ఒక చోటే ఉండి మిగతాది కరగాలా అన్నది ఫొటో ఎందుకన్నదాన్ని బట్టి నిర్ణయించుకోండి. కొనేవారికి చూపించే ఫొటో అయితే అంతా స్పష్టంగా ఉండాలి. తీగ మెట్టు మీద ఎంత ఎత్తులో ఉందో వారు పక్క నుంచి చూడాలనుకుంటారు. కెమెరాను కదపకుండా ఫోకస్ మాత్రమే కొద్దికొద్దిగా జరుపుతూ కొన్ని తీసి, తర్వాత కలపడం అందుకు ఉన్న మార్గం. అందం కోసమైతే ఎఫ్ 4 దగ్గర ఒక్క యాళి కంటి మీద ఫోకస్ పెట్టి మిగతాది వదిలేయండి. ఫోను మాక్రో కెమెరాలు చాలావాటిలో చిన్న సెన్సారు ఉంటుంది. రెండు రెట్ల లెన్స్‌తో కాస్త దూరం నుంచి తీయడం వాటికంటే మెరుగు.

తీసే ముందు మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో దుమ్ము, వేలిముద్రలు తుడవండి, తుడిచాక నూలు చేతితొడుగులతో పట్టుకోండి. మెట్ల మధ్యకు పొడి కుంచె. ఇక్కడ ఐదు నిమిషాలు వెచ్చిస్తే కంప్యూటర్ దగ్గర గంట మిగులుతుంది. తీగలను శ్రుతిలో బిగించి ఉంచండి, వదులు తీగ ఫొటోలో వంకరగా తెలిసిపోతుంది. చివరల్లో మిగిలిన తీగ ముక్కలు కత్తిరించండి.

కంప్యూటర్లో దుమ్ము చుక్కలు తీయడం, వంకర సరిచేయడం, వెలుతురు సర్దడం న్యాయమే. కర్రలో ఉన్న ముడి, వార్నిష్ కింద సన్నగా కనిపించే ఉలి గీత, రెండు దిమ్మెలు కలిసిన అతుకు చెరపకండి. అమ్మకానికి పెట్టే వాద్యమైతే ఆ ముడికి విడిగా, పక్క వెలుతురులో, స్పష్టంగా ఒక ఫొటో తీసి మిగతావాటితో పాటు ఇవ్వండి.